దొరల లైనులో పదిహేడో నంబరు దయ్యం

ఒక మనిషి బతుకును పాడుచేయాలంటే పగ ఉండాలనీ, కుట్ర పన్నాలనీ చాలామంది అనుకుంటారు. నాకు అవేవీ అవసరం పడలేదు. పందొమ్మిదేళ్ళ వయసు, పనిలేని మధ్యాహ్నాలు, తల నిండా దయ్యాల సినిమాలు, ఈ మూడే సరిపోయాయి. పైగా నేను పాడుచేసింది పగవాళ్ళ బతుకు కూడా కాదు. నాకు జడలు వేసి, అన్నం పెట్టి పెంచిన మేనత్త బతుకు. అదీ చాటుగా కాదు. పాస్టరుగారినీ, పోలీసునూ, సగం కాలనీనీ వెంటబెట్టుకుని వెళ్ళి మరీ చేశాను. నవ్వుకోవాలని ఉంటే నవ్వుకోండి, నవ్వాల్సినవి ఇందులో చాలానే ఉన్నాయి. చివరికొచ్చేసరికి గొంతులో ఏదైనా అడ్డుపడితే మాత్రం నన్ను అనకండి. నా గొంతులో అది పడి చాలా ఏళ్ళయింది, ఇంకా దిగలేదు.

అరవైల మొదట్లో మేము బిట్రగుంట రైల్వే కాలనీలో ఉండేవాళ్ళం. మా నాయన లోకో షెడ్డులో ఫిట్టరు, చర్చిలో సంఘ పెద్ద. వారమంతా ఇంజన్లను, ఆదివారం మనుషులను బిగించేవాడు. నాకు పదకొండో ఏట మా అమ్మ పోయింది. అదే ఏడు మా నాయన చెల్లెలు కృపమ్మ భర్త కూడా జ్వరంతో పోయాడు. ఆమె ఒక ట్రంకు పెట్టె, ఒక కుట్టుమిషను తీసుకుని మా ఇంటికి వచ్చింది. అప్పటికామెకు ఇరవై ఎనిమిదేళ్ళు. ఒకప్పుడు చర్చిలో హార్మోనియం ఆమే వాయించేదట. భర్త పోయిన తరువాత దాన్ని ముట్టలేదు. తల వంచుకుని కాలనీవాళ్ళ రవికెలు కుడుతూ ఎనిమిదేళ్ళు గడిపేసింది.

నేను ఎస్సెస్సెల్సీ పాసై, టీచరు ట్రైనింగులో సీటు కోసం ఎదురుచూస్తున్నాను. ఆ ఎదురుచూపుల్లో నాకు అంటుకున్న రోగమే సినిమా పిచ్చి. శనివారం సాయంత్రాల్లో రైల్వే ఇన్‌స్టిట్యూట్ ఆవరణలో తెర కట్టి బొమ్మ వేసేవాళ్ళు. కావలిలో డేరా టాకీసు ఉండేది. పక్క క్వార్టర్లో ఉండే ఫైర్‌మాన్ భార్య మంగమ్మక్క నాకు తోడు. మిగతా ఆడపిల్లలు ఏడుపు సినిమాలకు వెళ్ళి ఏడ్చి వచ్చేవాళ్ళు. మా ఇద్దరికీ దయ్యం లేని బొమ్మ ఉప్పు లేని చారులా ఉండేది.

చూసి చూసి నేను దయ్యాల సినిమాల మీద పండితురాలినైపోయాను. ఒక నోటు పుస్తకంలో రకాలు కూడా రాసుకున్నాను. అన్నిటికంటే పాతది బంగళా రకం. వానలో కారు ఆగిపోతుంది. హీరో ఒక పాడు బంగళా తలుపు తడతాడు. లాంతరు పట్టుకుని ముసలి వాచ్‌మాన్ వస్తాడు. "వెళ్ళిపోండి బాబూ" అంటాడు. హీరో వెళ్ళడు, వెళితే అక్కడితో సినిమా అయిపోతుంది కదా. అప్పుడు తెల్లచీర కట్టిన ఆడమనిషి పాడుకుంటూ తోటలో నడుస్తుంది. అన్నేళ్ళ కిందట చచ్చిన మనిషి చీర అంత తెల్లగా ఎలా ఉంటుందో, ఏ చాకలి ఉతుకుతాడో ఎవరూ అడగరు. పూర్వజన్మ రకంలో చచ్చిన పిల్ల ఇంకో ఊళ్ళో పుట్టి, పాత ఇంటి గోడ మీది ఫోటో చూసి కెవ్వుమంటుంది. ఇన్‌స్టిట్యూట్లో ఆంగ్లో ఇండియన్ల కోసం వేసే ఇంగ్లీషు బొమ్మల్లో నల్ల దుప్పటి దొర శవపేటికలోంచి లేచి మెడలు కొరికేవాడు. ఒళ్ళంతా గుడ్డపీలికలు చుట్టుకుని, ఆసుపత్రి నుంచి పారిపోయినట్టుండే వాడొకడు. శవాల ముక్కలు కుట్టి మనిషిని చేసే డాక్టరొకడు. మా అత్త రవికెలు కుట్టినంత నీటుగా ఉండేది కాదు వాడి కుట్టు. నాకు ఇంగ్లీషు అంతంతమాత్రమే, కానీ కేకలకు తర్జుమా అక్కర్లేదు. నల్ల దుప్పటి దొర సిలువను చూసి వణికిపోతుంటే నాకు మహా గర్వంగా ఉండేది. మా ఇంట్లో మూడు సిలువలున్నాయి.

అన్నిటికంటే నాకు చిరాకు పుట్టించేది మోసం రకం. మూడు గంటలు హడలగొట్టి, చివర్లో దయ్యమే లేదంటారు. ఎస్టేటు మేనేజరు ఆస్తి కోసం గ్రామఫోను దాచిపెట్టి ఆడించిన నాటకమంటారు.

ఈ చదువంతటి నుంచి నేను కొన్ని సూత్రాలు తీశాను. తాళం వేసిన ఇంట్లోంచి సంగీతం వస్తే అక్కడ దయ్యమైనా ఉండాలి, దొంగలైనా ఉండాలి. "అటు వెళ్ళొద్దు" అన్న మనిషికి ఆ రహస్యం తెలిసే ఉంటుంది. ఇక దయ్యం పట్టిన ఆడది ఒంటరిగా నవ్వుకుంటుంది, అన్నం సరిగా తినదు, ఉన్నట్టుండి పూలు పెట్టుకుంటుంది, అద్దం ముందు నిలబడుతుంది. బాగా గుర్తుంచుకోండి, నేను బాగా గుర్తుంచుకునే నిండా మునిగాను.

మా కాలనీ చివరి వరసను దొరల లైను అనేవాళ్ళు. ఆంగ్లో ఇండియన్ డ్రైవర్లు ఉండి వెళ్ళిపోయిన ఇళ్ళవి. అందులో పదిహేడో నంబరు ఇంటికి రెండేళ్ళుగా తాళం. ఆ ఇంటి డ్రైవరు కుటుంబం నవ్వుకుంటూ ఓడెక్కి విదేశాలకు పోయింది. ఆ ఇంట్లో చచ్చింది వాళ్ళ ముసలి కుక్క ఒక్కటే. అయినా ఒక మంగళవారం మధ్యాహ్నం మూడు గంటలప్పుడు, షెడ్డులో ఉన్న మా నాయనకు మజ్జిగ ఇచ్చి అడ్డదారిన వస్తున్న నాకు, ఆ మూసిన కిటికీల వెనక నుంచి హార్మోనియం వినిపించింది.

 కిటికీ సందులో తెల్లటిదేదో కదిలింది, మాయమైంది. నేను ఇంటికి పరిగెత్తిన తీరు చూసుంటే మెయిలు డ్రైవరు సిగ్గుపడేవాడు.

"మంగమ్మక్కా, దయ్యం!" అన్నాను రొప్పుతూ.

"యాడే?"

"పదిహేడో నంబరులో. హార్మోనియం వాయిస్తా ఉండాది."

మంగమ్మక్క చేట పక్కన పెట్టి లేచింది. "ఏ పాట?"

అప్పుడు ఆలోచిస్తే ఇంకా భయమేసింది. "మా చర్చిలో పెళ్ళికూతురు లోపలికి వచ్చేటప్పుడు పాడే కీర్తన అక్కా."

"అట్టా చెప్పు!" అంది మంగమ్మక్క. "పెళ్ళి కాకుండానే చచ్చిన పిల్ల అయ్యుంటాది. ఆ దొర కూతురు ఉరిపోసుకునింది అంట గదా?"

"ఎవరు చెప్పినారు?"

"ఎవరో చెప్పినార్లే."

ఎవరూ చెప్పలేదు. ఆ దొర కూతురు ఉరిపోసుకోలేదు, ఆ వేసవిలోనే ఇద్దరు పిల్లల ఫోటో కూడా పంపింది కాలనీలో తన స్నేహితురాలికి. కానీ రెండు రోజుల్లో ఆ అమ్మాయి ఉరి వేసుకున్న దూలం ఏదో కూడా కాలనీలో అందరికీ తెలిసిపోయింది.

శుక్రవారం మూడింటికి మళ్ళీ వెళ్ళి, వేపచెట్టు చాటున నిలబడి విన్నాను. అదే కీర్తన. మళ్ళీ మంగళవారం. మళ్ళీ శుక్రవారం. మా దయ్యం సినిమా దయ్యంలా అర్ధరాత్రి వచ్చే రకం కాదు. డ్యూటీ చార్టు వేసినట్టు వారానికి రెండు రోజులు, మధ్యాహ్నం మూడు నుంచి నాలుగున్నర దాకా. ఏ దయ్యం ఇంత క్రమశిక్షణతో ఉంటుందని ఒక్కసారి ఆలోచించి ఉంటే ఈ కథ ఇక్కడితో ఆగిపోయేది. నేను ఆలోచించాను కూడా. 'రైల్వే దయ్యం కదా, టైము పాటిస్తుంది' అనుకున్నాను.

ఇంత పెద్ద సంగతి అత్తకు చెప్పకుండా ఎలా ఉంటాను? ఆమె మిషను తొక్కుతుంటే పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. మిషను ఆగిపోయింది.

"ఎవురెవురికి చెప్పినావు?" అంది.

"మంగమ్మక్కకు."

అంటే కాలనీ మొత్తానికి అని ఆమెకు అర్థమైంది. మొహం పాలిపోయింది. "సుగుణా, దయ్యాల్లేవు, గియ్యాల్లేవు. ఆ పక్కకి పోబాకు. నా మాట ఇను."

"నువ్వెందుకత్తా బయపడతావు?"

"నేనెందుకు బయపడతా? పోబాకు అంటే పోబాకు, అంతే."

 బంగళా వాచ్‌మాన్ అన్న మాటే ఇది! ఆ క్షణం నుంచి నేను అత్తను కొత్త కళ్ళతో చూడడం మొదలుపెట్టాను. చూస్తే ఒక్కొక్క లక్షణమూ బయటపడింది. అన్నం కలుపుతూ కలుపుతూ ఎక్కడో చూస్తూ నవ్వుకుంటోంది. మిషను తొక్కుతూ కూనిరాగం తీస్తోంది, ఎనిమిదేళ్ళుగా నోరు విప్పని మనిషి. మంగళవారం, శుక్రవారం రవికెలు ఇచ్చి వస్తానని రెండున్నరకే వెళ్ళిపోతోంది. ఒకరోజు నేను స్నానం చేసి వచ్చేసరికి అద్దం ముందు నిలబడి, జడలో మల్లెపూలు పెట్టుకుని, మళ్ళీ తీసేసి, మళ్ళీ పెట్టుకుంటోంది. నన్ను చూడగానే పూలు గుప్పిట్లో దాచుకుంది.

నాకు ఏడుపొచ్చింది. నిజంగా వచ్చింది, ఇందులో నవ్వేం లేదు. అమ్మ పోయింది, ఇప్పుడు అత్తను కూడా దయ్యం తీసుకుపోతోందనుకున్నాను. ఆమె వయసు ముప్పై ఆరే అన్న సంగతి నాకు తట్టలేదు. పందొమ్మిదేళ్ళ పిల్లకు ముప్పై ఆరేళ్ళ ఆడది ముసలిది. ముసలివాళ్ళు నవ్వుకుంటే దయ్యమే కారణం అయ్యుండాలి.

నేరుగా పాస్టరుగారి ఇంటికి వెళ్ళాను. ఆయన్ను మేమంతా అయ్యగారు అనేవాళ్ళం. మెత్తని మనిషి.

"వందనాలు అయ్యగారూ. మా అత్తకు దయ్యం పట్టింది."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "నువ్వు చూసినావా అమ్మా?"

"చూడలేదు, విన్నా. పదిహేడో నంబరు ఇంట్లో హార్మోనియంలో పెళ్ళి కీర్తన వాయిస్తా ఉండాది."

"దయ్యాలు కీర్తనలు వాయించవు తల్లీ."

"అది క్రైస్తవ దయ్యం అయ్యగారూ."

ఆయన నవ్వాలో వద్దో తెలియక మళ్ళీ కళ్ళద్దాలు తుడుచుకున్నారు. నేను లక్షణాలన్నీ ఏడుస్తూ చెప్పాను. పూల దగ్గరకు వచ్చేసరికి ఆయన మొహం మారింది. ఆ మార్పును భయం అనుకున్నాను. ఇప్పుడు తెలుస్తోంది, ఆయనకు అసలు సంగతి లీలగా తోచి ఉంటుంది.

"మీ నాయనతో నెమ్మదిగా మాట్లాడదాం. తొందరపడబాక" అన్నారు.

తొందరపడనివాళ్ళు సినిమాల్లో రెండో రీలుకే చచ్చిపోతారు. "శుక్రవారం మూడింటికి మీరు రాకపోతే నేనొక్కదాన్నే లోపలికి పోతా" అని బెదిరించాను. పాపం, ఆడపిల్ల ఏమైపోతుందోనని ఆయన ఒప్పుకున్నారు.

అక్కడితో ఆగానా? ఒకవేళ ఇది మోసం రకం అయితే? అందుకని స్టేషను దగ్గరి రైల్వే పోలీసుకు కూడా చెప్పాను. లోపల దొంగలు బొగ్గు దాస్తున్నారేమో అన్నాను. బొగ్గు అనగానే ఆయన టోపీ సర్దుకున్నాడు. దయ్యమైతే పాస్టరు, దొంగయితే పోలీసు. రెండు వైపులా కట్టుదిట్టం చేశానని నా తెలివికి నేనే మురిసిపోయాను. దయ్యమూ దొంగా కాని మూడో రకం ఒకటి ఉందని, ఆ రకం సినిమాలకే మిగతా ఆడపిల్లలంతా వెళ్తారని నాకు గుర్తురాలేదు.

శుక్రవారం వచ్చింది. అత్త రెండున్నరకు సంచి పట్టుకుని వెళ్ళింది. మూడింటికి నేను పదిహేడో నంబరు చేరేసరికి అక్కడ తిరునాళ్ళ జనం. మంగమ్మక్క చీపురుతో, వేపమండతో తయారు. చర్చి స్త్రీల సమాజం మొత్తం తెల్లచీరల్లో వచ్చింది. దూరం నుంచి చూస్తే వాళ్ళే దయ్యాల్లా ఉన్నారు. షెడ్డులో పని దిగినవాళ్ళు నూనె చేతులతోనే నిలబడ్డారు. ఎవరో వేరుశనక్కాయలు కూడా తెచ్చుకున్నారు. అయ్యగారు ఇంతమందిని చూసి బిత్తరపోయారు.

"ఇదేందమ్మా సుగుణా, నేనొక్కడినే కదా వస్తానన్నది?"

"మంగమ్మక్కకు చెప్పినా అయ్యగారూ, అంతే."

లోపల హార్మోనియం మొదలైంది. వేరుశనక్కాయలు వలిచే చేతులు ఆగిపోయాయి. ఎవరో చిన్నగా "అమ్మో" అన్నారు.

ముందు తలుపుకు తాళం ఉంది. నేనే దారి చూపించాను. పెరటి వైపు తలుపు గొళ్ళెం వదులుగా ఉంటుందని ముందే చూసి పెట్టుకున్నాను. ఒక చేతిలో మా ఇంటి పెద్ద సిలువ పట్టుకుని సైన్యాధిపతిలా ముందు నడిచాను. పోలీసాయన భుజంతో ఒక్క తోపు తోశాడు. గొళ్ళెం ఊడి తలుపు భళ్ళున తెరుచుకుంది.

ఎదురుగా, నేల మీద నుంచి మూడడుగుల ఎత్తున, తెల్లటి మొహం, తెల్లటి జుట్టు, తెల్లటి చేతులతో ఒక ఆకారం నిలబడి ఉంది. నోట్లోంచి ఇనుప కోరలు బయటికి పొడుచుకొచ్చాయి.

నేను వేసిన కేకకు వేపచెట్టు మీది కాకులన్నీ లేచిపోయాయి. సిలువ ఎత్తి పట్టుకుని, ఏ ప్రార్థనా గుర్తురాక, ఎక్కాలు చదివాను. మంగమ్మక్క చీపురు విసిరింది.

చీపురు తగిలి ఆ ఆకారం స్టూలు మీద నుంచి కిందికి దిగింది. నోట్లోంచి మేకులు ఒక్కొక్కటే తీసి అరచేతిలో పెట్టుకుంది. ఆ తరువాత, "వందనాలు అయ్యగారూ" అంది.

దానియేలుగారు. బెజవాడ ప్యాసింజరు గార్డు. భార్య పోయి ఐదేళ్ళయిన నెమ్మదస్తుడు, మా చర్చిలో చివరి బెంచీ మీద కూర్చునేవాడు. మంగళ, శుక్రవారాల మధ్యాహ్నాలు ఆయనకు డ్యూటీ లేదు. గోడలకు సున్నం కొట్టి, కిటికీకి పరదా వేలాడదీయడానికి మేకులు నోట్లో పెట్టుకుని స్టూలెక్కాడు. ఆ ఇల్లు రైల్వేవాళ్ళు ఆయనకు కేటాయించారని, పెరటి తాళం ఆయన దగ్గరుందని ఆఫీసులో తప్ప ఎవరికీ తెలియదు. దొర వాళ్ళు ఓడలో పట్టక వదిలేసిన పాత హార్మోనియం మూలన ఉంది. దాని ముందు, జడలో మల్లెపూలతో, మా అత్త. పక్కన ఆమె కుట్టిన తెల్లటి పరదాలు మడతలు పెట్టి ఉన్నాయి. నేను ఇన్ని వారాలుగా చూసిన దయ్యాలు అవే.

 నోట్లోంచి మేకులు తీసేదాకా, ఆ మొదటి అరనిమిషం దానియేలుగారు ఏమీ చెప్పలేకపోయాడు. ఆ అరనిమిషాన్నే జనం తప్పు చేసినవాళ్ళ మౌనం అనుకున్నారు. తరువాత ఆయన ఎంత చెప్పినా ఆ అరనిమిషం చెరిగిపోలేదు. పోలీసాయన బొగ్గు కోసం మూలలు వెతికి, దొరకక, "అయితే ఇది వేరే యవ్వారం" అన్నాడు. జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. స్త్రీల సమాజం వాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. రోజూ అత్త దగ్గర రవికెలు కుట్టించుకునేవాళ్ళే.

అత్త ఎవరినీ చూడలేదు. నన్నొక్కదాన్నే చూసింది. నా చేతిలో సిలువ ఇంకా ఎత్తే ఉంది. ఆమె వచ్చి దాన్ని కిందికి దించి, "చెయ్యి నొప్పెడతాది" అంది. తలలోని పూలు తీసి హార్మోనియం మీద పెట్టి, జనం మధ్య నుంచి నడిచి వెళ్ళిపోయింది.

సాయంత్రం మా ఇంట్లో పంచాయితీ. మా నాయన కుర్చీలో బాయిలరులా ఉడుకుతున్నాడు. అయ్యగారు తల పట్టుకుని కూర్చున్నారు. దానియేలుగారు స్నానం చేసి, ఇస్త్రీ బట్టలు వేసుకుని వచ్చి, వసారాలో నిలబడ్డాడు. చెవుల వెనక ఇంకా సున్నం ఉంది. ఎవరూ చెప్పలేదు.

"అన్నా, మేము తప్పేం చెయ్యలేదు" అన్నాడు. "ఈ పాపకు ట్రైనింగు సీటు వచ్చినాక మిమ్మల్ని అడగాలని అనుకున్నాం. పాపను వొంటరిగా వదిలిపెట్టి రానని కృపమ్మ పట్టుబట్టింది. అందుకే ఆగినాం. దయ్యం పుకారు పుట్టినాక ఆ పక్కకి ఎవరూ రారులే అనుకున్నాం."

నేను తలుపు పక్కన నిలబడి ఉన్నాను. ఆ తలుపు నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. వాళ్ళు ఆగింది నా కోసం.

"ఇంకా అడిగేదేందయ్యా, ఊరంతా చూసినాక?" అన్నాడు నాయన. "అయ్యగారూ, వచ్చే ఆదివారమే పెళ్ళి ప్రకటన చదవండి. తొందరగా కానిచ్చేస్తే నోళ్ళు మూతబడతాయి."

అయ్యగారు ఊపిరి పీల్చుకున్నారు. "అదే మంచిది. మంచి జంట. ఏమమ్మా కృపమ్మా?"

అత్త వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. గొంతు పెంచలేదు.

"నాకొద్దయ్యగారూ."

"అదేందమ్మా?"

"దొంగల్ని పట్టుకున్నట్టు పట్టుకుని, ఇప్పుడు శిక్ష వేసినట్టు పెళ్ళి చేస్తారా? పండగ లాగా చేసుకోవాలని అనుకున్నాం. ఇప్పుడు చేసుకుంటే, తప్పు చేసినాం, దిద్దుకున్నాం అని ఒప్పుకున్నట్టే. నేనేం తప్పు చేసినా దిద్దుకునేదానికి?"

"కృపా!" అని అరిచాడు నాయన.

"నువ్వు అరవబాక అన్నా. ఎనిమిదేళ్ళల్లో నేనొకటి అడిగినానా నిన్ను?"

దానియేలుగారు ఒక అడుగు ముందుకు వేశాడు. "కృపమ్మా, జనం నాలుగు రోజులు అనుకుంటారు. తర్వాత మరిచిపోతారు."

"నువ్వు మరిచిపోతావు. నేను ఆ ఇంట్లో అడుగు పెట్టిన ప్రతిసారీ ఆ తలుపు పగిలిన చప్పుడు ఇంటా. నా వల్ల కాదయ్యా. పోయిరా."

ఆయన ఇంకా రెండుసార్లు వచ్చాడు. రెండుసార్లూ ఆమె మంచినీళ్ళిచ్చి పంపేసింది. మూడు నెలలకు ఆయన బెజవాడకు బదిలీ చేయించుకున్నాడు. పదిహేడో నంబరు ఇల్లు ఎవరూ తీసుకోలేదు. దయ్యం లేదని కళ్ళారా చూసినవాళ్ళే, ఆ ఇంట్లో దయ్యముందని కొత్తగా వచ్చినవాళ్ళకు చెప్పారు. రెండేళ్ళకు కప్పు కూలింది. లేని దయ్యాన్ని వెళ్ళగొట్టబోయి కాలనీకి శాశ్వతంగా ఒకదాన్ని ఏర్పాటు చేసిన ఘనత నాదే.

నా ట్రైనింగు సీటు ఉత్తరం ఎప్పుడొచ్చిందో చెబితే నమ్మరు. ఆ శుక్రవారం తరువాతి బుధవారం. అత్తే అందుకుని చదివింది. "మంచిది. బాగా చదువుకో" అని నా చేతికిచ్చి మిషను దగ్గరకు వెళ్ళిపోయింది. ఐదు రోజులు. నేను ఇంకొక్క ఐదు రోజులు నోరు మూసుకుని ఉంటే, ఆమె పెళ్ళిలో నేను పూలబుట్ట పట్టుకుని నడిచేదాన్ని.

ఆ తరువాత బెజవాడ ప్యాసింజరు మా కాలనీ వెనక నుంచి వెళ్ళినప్పుడల్లా అత్త చేస్తున్న పని ఆపేసేది. కిటికీ దగ్గరకు వెళ్ళేది కాదు, చూసేది కాదు. చివరి పెట్టె చప్పుడు దాటిపోయేదాకా సూది చేతిలో పట్టుకుని ఊరికే కూర్చునేది. దానియేలుగారు ఆ తరువాత పెళ్ళి చేసుకున్నాడని ఎవరో వచ్చి చెబితే, "మంచి మనిషి, చేసుకోవాల్సిందే" అంది. ఆ రోజు ఆమె కుట్టిన రవికె చేతులు రెండూ ఒకే వైపుకు వచ్చాయి. నేను చాటుగా విప్పి మళ్ళీ కుట్టాను.

నన్ను ఆమె ఎప్పుడూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నేను గూడూరులో టీచరునయ్యాను, పెళ్ళి చేసుకున్నాను, పిల్లలను కన్నాను. నాయన పోయాక ఆమె మా దగ్గరే ఉంది. నా పిల్లలకు జడలు వేసింది. నాకు యాభై దాటాయి. ఒకరోజు సాయంత్రం ఇద్దరం చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చున్నప్పుడు, ఎక్కడ లేని ధైర్యం తెచ్చుకుని అడిగాను.

"అత్తా, ఆ పొద్దు నేను నిన్ను కాపాడాలనే వచ్చినా. నీకు దయ్యం పట్టిందనుకున్నా. నన్ను క్షమించినావా?"

ఆమె చేతిలోని కాయ ఒలవడం పూర్తిచేసి, గింజలు గిన్నెలో వేసింది.

"క్షమించక ఏం చేసేదే? చిన్నపిల్లవి" అంది. ఇంకో కాయ అందుకుని, నవ్వకుండానే అంది: "కానీ నాకు నిజంగా దయ్యం పట్టుంటే బాగుండు సుగుణా."

"ఎందుకత్తా?"

"అదైనా నన్ను నీ నుంచి కాపాడుండేది."

నేను నవ్వాను. ఆమె కూడా నవ్వింది. నేను లేచి లోపలికి వెళ్ళి, చాలాసేపు మొహం కడుక్కుని వచ్చాను.

కాబట్టి, సకల జనులకు ఇందుమూలంగా ప్రమాణపూర్వకంగా తెలియజేస్తున్నాను. ఇకమీదట ఎంత పాడుబడిన ఇంట్లో ఎవరు నవ్వినా, ఎవరు పాడినా, ఏ తెల్లటిది కదిలినా, నేను కారణం వెతకను, పెద్దవాళ్ళను పిలవను, పెరటి తలుపు ఎటుందో చూడను. దగ్గి, తల వంచుకుని నా దారిన నేను వెళ్ళిపోతాను. లోపలున్నది మనుషులైతే, వాళ్ళ బతుకు వాళ్ళది. ఒకవేళ నిజంగా దయ్యాలే అయితే, పాపం, బతికున్నప్పుడు నాలాంటివాళ్ళ వల్ల కుదరని సంసారం, కనీసం చచ్చినాకైనా చేసుకోనివ్వండి.